ఆదిశేషమ్మ సాల్డరింగు నేర్చిన వైనం

మొగుడు వంటింట్లోకి రాకుండా ఉండడానికి ఆడవాళ్లు రకరకాల ఉపాయాలు పన్నుతారు గానీ, అందుకోసమని సాల్డరింగు నేర్చుకున్న మనిషిని మాత్రం మా కోట ఊరి బజారు మొత్తం మీద ఆదిశేషమ్మ ఒక్కదాన్నే చూసినాం.

ఆమె మొగుడి పేరు హజరత్తయ్య. వరి మడి గట్టు మీద పుట్టిన మనిషే గానీ మడిలోకి దిగింది తక్కువ. పుట్టిన బిడ్డలు దక్కక వాళ్లమ్మ నెల్లూరు దర్గాలో మొక్కుకుంటే దక్కినాడని ఆ పేరు పెట్టుకున్నారు. నిక్కరు వయసులోనే ఇంట్లో రేడియో విప్పి, మళ్లీ బిగించి, మిగిలిపోయిన స్క్రూలు జేబులో దాచుకున్న ఘనుడు. పెద్దయినాక బస్టాండు పక్క సందులో రిపేరు అంగడి పెట్టినాడు. రేడియోలు పోయి టేపురికార్డర్లు వచ్చినాయి. అవి పోయి టీవీలు వచ్చినాయి. టీవీలు సన్నబడి గోడకు అతుక్కుపోయినాక రొయ్యలు పెంచే గుంటల కరెంటు సామాను వచ్చింది. ఏది వచ్చినా ఆయన ముందర పెడితే బాగుపడి పోయేది. "హజరత్తన్న చెయ్యి పడితే చచ్చిన బోర్డు లేచి కూచుంటది" అనేవాళ్లు జనం. ఆ మాట చెవిన పడిన రోజు ఆయన రెండు ముద్దలు ఎక్కువ తినేవాడు.

అట్టాంటి చేతికి దిష్టి తగిలిందో ఏమో, పోయిన ఏడు వణుకు పట్టుకునింది. టీ గ్లాసు ఎత్తితే సగం టీ చొక్కా తాగేది. నెల్లూరులో పెద్ద డాక్టరు మాత్రలు రాసిచ్చి, "తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు" అని ఉన్నమాట చెప్పేసినాడు. పాతకాలం బోర్డులైతే ఆ వణుకుతోనే లాక్కొచ్చేవాడు. వాటి పార్టుల కాళ్లు అగ్గిపుల్లంత ఉండేవి. ఇప్పుడొచ్చే బోర్డులు అట్టా కాదే! చింతగింజంత ఐసీ చిప్పు, దాని చుట్టూతా వెంట్రుకల్లాంటి కాళ్లు, కాలికీ కాలికీ మధ్య గోరు గీసినంత కూడా సందుండదు. రొయ్య మీసమైనా దానికంటే లావుగా ఉంటది.

దాంతో హజరత్తయ్య కొత్త పాట ఎత్తుకున్నాడు. ఎవరు చిన్న బోర్డు తెచ్చినా అటూ ఇటూ తిప్పి, పెదవి విరిచి, "పార్టు దొరకదబ్బయా. కంపెనీ వాడే ఆపేసినాడు" అనేవాడు. ఆడలేక మద్దెల ఓడంటే ఇదే. జనం మెల్లగా వాకాడుకో గూడూరుకో పోవడం మొదలుపెట్టినారు. అంగడిలో పని లేక ఆయన మధ్యాహ్నానికే షట్టరు దించి ఇంటికి వచ్చేవాడు.

వచ్చినవాడు ఊరికే కూచుంటాడా? మెకానిక్కు బుర్ర! వంటింట్లోకి దూరినాడు. పోపు డబ్బాలో గిన్నెలు మార్చి పెట్టినాడు. మిక్సీ గిర్రున తిరుగుతా ఉంటే మీటరు పెట్టి, కరెంటు ఎక్కువ లాగతా ఉండాదన్నాడు. చేపల పులుసులో మామిడికాయ ముక్కలు ఎప్పుడెయ్యాలో, మంట ఎంత పెట్టాలో పక్కన నిలబడి చెప్పినాడు. నెల్లూరు ఆడదానికి చేపల పులుసు నేర్పే మొగాణ్ణి ఏం చెయ్యాలో మీరే చెప్పండి.

"ఒక రోజు గరిటె తిరగేస్తా హజరాబీ, తర్వాత నన్ను అనొద్దు" అని ఆదిశేషమ్మ వాపోయింది. హజరాబీ అంటే అంగడి పక్కనే మిషను మీద బట్టలు కుట్టే ఆమె. ఆమె కొట్టుకూ అంగడికీ మధ్య ఉన్నది సగం ఇటుక గోడ, అదీ మాటలకు అడ్డం రాదు.

"అన్నను మళ్లా అంగడికి తరిమెయ్యక్కా" అనింది హజరాబీ.

"తరిమితే ఆడ పనేది?"

పైకి ఇదంతా నవ్వులాటగానే చెప్పుకునేది ఆదిశేషమ్మ. లోపల సంగతి వేరు. ఆమె మామ, అంటే హజరత్తయ్య నాయన, సేద్యం మానేసి అరుగు మీద కూచున్నాక ఏ జబ్బూ లేకుండానే ఏడాది తిరగకముందే పోయినాడు. పని పోతే మనిషి పోతాడు ఆ వంశంలో. ఆ భయం ఆమెను తింటా ఉంది.

ఒకనాడు మధ్యాహ్నం క్యారియరు తీసుకుని అంగడికి పోయింది. షట్టరు సగం దించి ఉంది. వంగి చూస్తే, హజరత్తయ్య కుడిచేతి మణికట్టును ఎడంచేత్తో గట్టిగా బిగించి పట్టుకుని, సాల్డరింగు ఐరన్ను బోర్డు మీదికి తీసుకుపోతా ఉన్నాడు. ఊపిరి బిగబట్టినాడు. అయినా ఐరన్ మొన ఆగలేదు, పక్క కాళ్ల మీదికి జారింది. ఆయన ఐరన్ను స్టాండులో పెట్టి, తల బల్లకు ఆనించి, అట్టాగే ఉండిపోయినాడు.

ఆదిశేషమ్మ రెండడుగులు వెనక్కి వేసి, క్యారియరు గిన్నెలు గలగలలాడించి, "ఏమయ్యో, నిద్రపోతన్నావా!" అని అరుచుకుంటా లోపలికి పోయింది. ఆయన చటుక్కున లేచి మొహం తుడుచుకున్నాడు.

అన్నం తింటా ఉంటే అడిగింది. "ఆ సాల్డరింగేదో నాకు నేర్పయ్యా."

ఆయనకు పొలమారింది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకే?"

"కత్తిపీట అంటే గుర్తొచ్చింది. నీకు చేపలు కోసిపెట్టింది ఎవురు? ఇంత సన్న నెత్తళ్ల తలలు గిల్లి, కడుపులు తీసి, ఒక్క ముల్లు గొంతులో ఇరుక్కోకుండా పెట్టింది ఈ చేతులు కాదా? నా చెయ్యి ఎప్పుడైనా వణికిందా?"

ఆయన ఆమె చేతుల వంక చూసినాడు. వాటిని అంత పరీక్షగా పెళ్లిచూపుల్లో కూడా చూసి ఉండడు. తర్వాత ఎంగిలి చెయ్యి కడుక్కుని, చెత్తబుట్టలోంచి ఒక చచ్చిన సెట్‌టాప్ బాక్సు బోర్డు తీసి ఆమె ముందర పడేసినాడు.

"పెన్ను పట్టుకున్నట్టు పట్టుకో."

"పెన్ను పట్టి ఎన్నేండ్లయిందో నాకే తెలీదు. ముగ్గు పట్టుకున్నట్టు పడతా."

ఆ మాట అన్నప్పుడే ఆయన జాగ్రత్త పడాల్సింది. పడలేదు.

పాఠం చిన్నదే. ఐరన్ మొనను ముందు కాలుకూ, దాని కింద ఉన్న రాగి మచ్చకూ ఒకేసారి ఆనించాలి. రెండూ వేడెక్కినాక సీసం తీగ తాకించాలి. సీసం కరిగి మెరిసి కూచుంటది. అప్పుడు తీగ తియ్యి, ఆ తర్వాత ఐరన్ తియ్యి. ఐరన్ మీద సీసం కరిగించి కాలుకు పూస్తే అది అతుకు కాదు, పూత. ఇంతా చెప్పి హజరత్తయ్య టీ తాగడానికి పోయినాడు. తిరిగొచ్చేసరికి ఆదిశేషమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటా, పిల్లకు తొలిసారి జడేసిన తల్లిలాగ బోర్డు వంక మురిపెంగా చూసుకుంటా ఉంది.

ఆయన భూతద్దం కింద పెట్టి చూసినాడు. ఐసీకి ఒక వైపున్న కాళ్లన్నీ కలిసి ఒకే వెండి కమ్మీ అయిపోయినాయి. చూడ్డానికి మాత్రం బ్రహ్మాండంగా ఉంది, ఎక్కడా వంకర లేదు.

"ఏందే ఇది?"

"ఒక్క చుక్క వదల్లేదు చూడు!"

"వదలాలే తల్లీ! ప్రతి చుక్కా వదలాల! దేని చుక్కలో అది ఉండాల. ఒకదాంతో ఒకటి కలిసినాయంటే షార్టు, అంతే! కాలిపోద్ది!"

"చుక్కలు పెట్టి కలపకుండా వదిలేస్తే ఇంటికి మంచిది కాదయ్యా" అనింది ఆదిశేషమ్మ. ఆమె ఎగతాళికి అనలేదు. ఊహ తెలిసినప్పటి నుంచీ తెల్లారగట్ల వాకిట్లో చుక్కలు పెట్టి కలిపిన మనిషి. వరసగా చుక్కలు కనబడితే చెయ్యి దానంతటదే సాగిపోతుంది. మొదటి కాళ్లు ఒక్కొక్కటిగానే పెట్టింది పాపం. కానీ విడివిడిగా ఉన్న చుక్కలు ఆమె కంటికి అరకొర పనిలాగ కనబడి, ప్రాణం ఒప్పలేదు.

హజరత్తయ్య తల పట్టుకున్నాడు. పట్టుకున్నవాడు నవ్వినాడు. నవ్వీ నవ్వీ కళ్లెంబడి నీళ్లొచ్చినాయి. ఆయన అట్టా నవ్వి ఎన్నాళ్లయిందో! పక్కనుంచి హజరాబీ మిషను ఆపి, "ఏందక్కా, ఏమయింది?" అని కేకేసింది. 

"ముగ్గేసిందిమ్మా, మీ అక్క! బోర్డు మీద ముగ్గేసింది!"

తప్పు చేస్తే దిద్దుకునే దారి కూడా ఉంటది. సన్నటి రాగి తీగలతో అల్లిన పట్టీ ఒకటి ఇచ్చి, దాన్ని ఆ సీసం మీద పెట్టి పైన ఐరన్ ఆనించమన్నాడు. పట్టీ సీసాన్ని దీపం వత్తి నూనె పీల్చినట్టు పీల్చేసింది. కాళ్లు మళ్లీ విడివిడిగా బయటపడినాయి. ఆదిశేషమ్మకు అది భలే నచ్చి, పాడు చెయ్యడం, పీల్చడం, పాడు చెయ్యడం, పీల్చడం, ఆ పూటంతా అదే ఆట.

వేళ్లు కాలినాయి. గాజు ఒకటి ఐరన్ తగిలి మసిబారింది. ఐసీ మీద మూలన ఉండే చిన్న గుంటను ఆమె "బొట్టు" అని పేరు పెట్టుకునింది. బొట్టు ఏ మూల ఉంటే బోర్డు మీది గుర్తు ఆ మూల ఉండాలి. ఒకసారి అది మర్చిపోయి, చక్కగా అతికించి, తలకిందులుగా అతికించిందని తెలిసి, తనను తానే తిట్టుకునింది. హజరత్తయ్య తిట్టబోతే మాత్రం, "నా తిట్లు నేను తిట్టుకున్నా, నువ్వు ఎగస్ట్రా తిట్టబాక" అని నోరు మూయించింది.

అసలు కిటుకు తర్వాత తెలిసింది. కాళ్ల వరస మీద ముందుగా, సీసాన్ని పూతగా కాకుండా అతుకుగా పట్టించే ఫ్లక్స్ పేస్టు దండిగా పూసి, ఐరన్ మొన మీద కొంచెమే సీసం తీసుకుని, ఆపకుండా ఒక్క ఈడుపు ఈడిస్తే, ప్రతి కాలూ తనకు కావల్సినంత తీసుకుని మిగతాది వదిలేస్తుంది. పంక్తిలో వడ్డిస్తా పోయినట్టు. పేస్టు లేకపోతే అంతా ఒకటే ముద్ద. ఆ ఈడుపు ఆదిశేషమ్మకు ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. వెనకనుంచి చూస్తా ఉన్న హజరత్తయ్య, "ఓరి నీ పాసుగూలా!" అన్నాడు. అంతకు మించి మెచ్చుకోవడం ఆయనకు రాదు.

ఇంగ పని రెండు వాటాలయింది. చెడిపోయిన ఐసీని వేడిగాలి బ్లోవరుతో ఊడదీసేది ఆయన. ఆ బ్లోవరు ఒకచోట ఆపకూడదు, ఆడిస్తానే ఉండాలి, ఆపితే బోర్డు మాడిపోద్ది. వణికే చేతికి అంతకంటే తగిన పని ఉందా? "నా జబ్బుకు ఉద్యోగం దొరికిందే" అనేవాడు. రోగం ఏందో కనిపెట్టేదీ ఆయనే. కొత్త ఐసీని అతికించేది ఆమె. అతికించినాక ప్రతి కాలునూ సూదిమొనతో మెల్లగా గిచ్చి చూడాలని, కదిలితే అది అతుక్కోలేదని అర్థమనీ ఆయన నియమం పెట్టినాడు.

ఒకటే షరతు. ఈ సంగతి బయటికి పోకూడదు. అంగడి వెనక భాగానికి ఆదిశేషమ్మ పాత చీర ఒకటి అడ్డం కట్టినారు. గిరాకీ వస్తే ఆయన బోర్డు అందుకుని చీర వెనక్కి పొయ్యేవాడు. ఆమె చేసిచ్చేది. ఆయన చేతులు తుడుచుకుంటా బయటికి వచ్చేవాడు. ఫ్లక్స్ పొగ గుగ్గిలం వాసన వచ్చేది గదా, చీర వెనక ఏదో పూజ జరగతా ఉండాదని కొందరు అనుకున్నారు. హజరాబీకి అంతా తెలుసు. ఎవరైనా అడిగితే, "అన్నకు భక్తి ఎక్కువైంది" అని చెప్పి మిషను తొక్కుకునేది.

అంగడి మళ్లీ కళకళలాడింది. వంటిల్లు ఆదిశేషమ్మకు దక్కింది. హజరత్తయ్య రెండు ముద్దలు మళ్లీ ఎక్కువ తింటా ఉన్నాడు. అంతా బాగుంది. బాగున్నప్పుడే మనిషికి ఇంకొంచెం కావాలనిపిస్తుంది.

పెంచలప్రసాద్ అని, సముద్రం వైపు రొయ్యల గుంటలున్న రైతు. గుంటల్లో గాలి కొట్టే ఏరేటర్లను వంతులవారీగా తిప్పుతా, ఏదైనా ఆగితే ఫోను మోగించే పెట్టె ఒకటి అతని దగ్గర ఉంది. పిడుగు పడి దాని బోర్డు పోయింది. పట్టుకొచ్చి, కదలకుండా అంగడి ముందర స్టూలు మీద కూచున్నాడు. హజరత్తయ్య చీర వెనక్కి పోయి పాత ఐసీ ఊడదీసినాక ఆదిశేషమ్మ కొత్తది అతికించడం మొదలుపెట్టింది.

"హజరత్తన్నా, నెల్లూరోడు కొత్తది కొనమన్నాడన్నా. నీ చెయ్యి దేవుడిచ్చిన చెయ్యన్నా. ఆ చేతికి బంగారు కడియం తొడగాలన్నా" అని అతను పొగడతా ఉన్నాడు. ఈయన "ఏదో లే ప్రసాదూ, అలవాటు" అని చీర సందులోంచి తల మాత్రం బయటపెట్టి అణకువగా నవ్వతా ఉన్నాడు.

ఆదిశేషమ్మ చెవులు రెండూ చీర అవతలికి పొయినాయి. దేవుడిచ్చిన చెయ్యంట! బంగారు కడియమంట! ఎవరి చేతికి తొడుగుతారో చూద్దామని, ఐరన్ ఈడుస్తా ఈడుస్తా వింటా ఉంది. సంతోషంగానూ ఉంది, ఒళ్లు మంటగానూ ఉంది. ఆ విసురులో చివరి మూల కాలు దగ్గర ఐరన్ కొంచెం ముందే లేచిపోయింది. సూదితో గిచ్చి చూడడం అప్పటికి ఎప్పుడూ తప్పలేదు, ఆ రోజు తప్పింది. బోర్డు ఆయన చేతిలో పెట్టి, "అయింది" అని గుసగుసగా చెప్పింది. ఆయన బయటికి తెచ్చి మీటరు పెడితే మోగింది. లైటు వెలిగింది. పెంచలప్రసాద్ దండం పెట్టి తీసుకుపోయినాడు.

వారం తిరగలేదు. పొద్దున్నే బజారు అదిరేటట్టు అతని గొంతు వినబడింది.

"హజరత్తన్నా! నీ చెయ్యి పోయిందని చెప్పొచ్చు గదన్నా! నేను ఇంకొకడి దగ్గరికి పోతా గదా! జనరేటరు ఆన్ చేసేసరికి పెట్టె మూగబోయింది. ఏరేటర్లు ఆగినాయి, ఫోను రాలేదు. తెల్లారి చూస్తే రొయ్యలు పైకి తేలి గుటకలేస్తన్నాయి. మావాళ్లు చూసినారు గాబట్టి సరిపోయింది, లేకుంటే నా పంట మొత్తం పోయేది!"

సందులో జనం చేరినారు. టీకొట్టు అతను గరిటె పట్టుకునే వచ్చినాడు. చీర వెనక ఆదిశేషమ్మకు ఆ చివరి కాలు గుర్తొచ్చింది. జనరేటరు అదురుకు అది ఊడింటది. ఒక్క సూది పోటు, ఒక్కటంటే ఒక్కటి, బద్ధకించింది తను. మాట పడేది ఆయన.

హజరత్తయ్య ఒక్కసారి కూడా చీర వంక చూడలేదు. "తప్పు నాదే ప్రసాదూ. పెట్టె తీసుకురా, సరిచేసిస్తా" అన్నాడు.

"తెచ్చేది లేదు. మబ్బు పట్టి ఉండాది, ఇట్టాంటప్పుడే రొయ్యకు గాలి చాలదు. నువ్వే గుంట కాడికి రా. నా కళ్ల ముందర చెయ్యి. లేదంటే చేతగాదని చెప్పు, బజారు మొత్తానికి నేను చెప్పుకుంటా."

అతను బండెక్కి పోయినాక ఆదిశేషమ్మ బయటికి వచ్చింది. ఆయన కాళ్ల దగ్గర కూలబడింది. "నా వల్లేనయ్యా. గిచ్చి చూళ్లేదు. నీ పేరు నేను చెడగొట్టినా."

"లే. ఐరన్ సర్దు" అన్నాడాయన. తిట్టలేదు. తిట్టుంటే ఆమెకు తేలిగ్గా ఉండేది.

మోపెడ్ మీద పోతా ఉంటే దారంతా ఆమె ఉపాయాలు చెప్తానే ఉంది. షెడ్డులోకి పోయి తలుపేసుకుందాం. నువ్వు అందరినీ మాటల్లో పెట్టు. నేను సామాను అందించినట్టు అందించి చేసేస్తా. ఆయన ఊ కొట్టలేదు. తీరా పోయి చూస్తే ఆ షెడ్డుకు తలుపే కాదు, గోడలు కూడా లేవు. నాలుగు గుంజల మీద రేకు. కింద పెంచలప్రసాదూ, అతని పనివాళ్లూ, పక్క గుంటల రైతులూ. సముద్రం మీద నుంచి తేమగాలి కొడతా ఉంది. నేరుగా వైరు కలిపి తిప్పుకుంటన్న ఏరేటర్లను పెట్టె విప్పడానికి ఆపినారు, గుంట నీళ్లు గమ్మున ఉన్నాయి.

హజరత్తయ్య పెట్టె మూత తీసి, బోర్డు బయటికి లాగి, బల్ల మీద పెట్టుకుని కూచున్నాడు. ఐరన్ వేడెక్కింది. చేతిలోకి తీసుకున్నాడు. వణుకు మొదలయింది. ఇంట్లో కంటే, అంగడిలో కంటే, పదిమంది కళ్లు పడేసరికి మరీ ఎక్కువయింది. మొన పెట్టె అంచుకు తగిలి టికటికమంటా ఉంది. ఆ చప్పుడు అందరికీ వినబడతా ఉంది. ఒక రైతు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచినాడు.

 పదిమంది మగవాళ్ల ముందర మొగుడి చేతిలోంచి ఐరన్ లాక్కుంటే ఆయన పరువేమవుతుంది? లాక్కోకపోతే, ఆ మొన పక్క కాళ్ల మీద పడితే బోర్డు ఏమవుతుంది? ఆదిశేషమ్మకు తోచింది ఒకటే ఉపాయం. చెయ్యి తలకానించుకుని, "అమ్మో, కళ్లు తిరగతన్నాయి, పడిపోతన్నా" అని మూలిగి, గుంజ పట్టుకుని జారడం మొదలుపెట్టింది. పడేది మాత్రం కొంచెం మెత్తగా ఉండేచోట చూసుకునింది.

"ఊరుకోవే" అన్నాడు హజరత్తయ్య, బోర్డు మీది నుంచి తల ఎత్తకుండానే. "నీ నాటకాలు నాకు తెలీవా? మా అమ్మ దినానికి పని ఎగ్గొట్టడానికి కూడా ఇట్టానే పడినావు. లేచి ఇట్రా."

జనం నవ్వినారు. ఆమె ఒక కన్ను తెరిచింది. ఆయన ఐరన్ను స్టాండులో పెట్టి, లేచి నిలబడి, వణికే కుడిచేతిని అందరికీ కనబడేటట్టు ముందుకు చాపినాడు.

"చూడు ప్రసాదూ. బాగా చూడండబ్బయా అందరూ. ఏడాదిగా ఇది ఇట్టానే ఆడతా ఉండాది. మీరు పొగిడిన చెయ్యి ఇది కాదు. మీ బోర్డులన్నీ అతికించింది ఈమె. చీర అడ్డం కట్టుకుని నేను పేరు కొట్టేస్తా వచ్చినా. ఇప్పుడు కూడా ఈమే చేస్తాది. మీకు ఇష్టమైతే ఉండండి, లేకుంటే పోండి."

 పెంచలప్రసాద్ నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచి, "అన్నా, నా పంటన్నా ఇది" అన్నాడు.

"తెలుసు. అందుకే ఈమెను కూచోబెడతన్నా" అన్నాడాయన, కుర్చీ ఆమె వైపు జరుపుతా.

ఆదిశేషమ్మ కూచునింది. ఐరన్ పట్టుకునింది. సూది తీసుకుని ఆ మూల కాలును గిచ్చింది. కదిలింది. అదే. ఇంకేముంది, పేస్టు పూసి ఒక్క తాకుడు తాకిస్తే అయిపోద్ది. కానీ కళ్లముందు బోర్డు కనబడలేదు, నీళ్లు నిండిపోయినాయి. పెళ్లయినప్పటి నుంచి ఆయన నోట ఒక్క మంచి మాట కోసం చూసి, చూసి, రాదులే అని ఊరుకున్న మనిషి ఆమె.

"ఏడిస్తే పక్కకు తిరిగి ఏడువు" అన్నాడు హజరత్తయ్య ఆమె చెవి దగ్గర మెల్లగా.  "ఉప్పునీళ్లు బోర్డు మీద పడితే నీ మొగుడు కూడా బాగుచెయ్యలేడు."

ఆమె ఫక్కున నవ్వింది. కొంగుతో కళ్లు తుడుచుకుని, ఊపిరి వదిలి, పని మొదలుపెట్టింది. ఆయన భూతద్దం పట్టుకోలేదు, అది ఆడతాది గదా. ఆమె వెనక నిలబడి, "ఆగు, వేడెక్కనీ... ఇప్పుడు తీగ... ఊ... తియ్యి" అని మాత్రం చెప్తా ఉన్నాడు. ఆ కాలు అయినాక ఆమె ఆగలేదు. నాలుగు వైపులా ఒక్కో కాలునూ సూదితో గిచ్చి చూసింది. పెంచలప్రసాద్ తొందరపెడితే, "గమ్మునుండు నాయనా, ఒకసారి తొందరపడే నీ రొయ్యల ఉసురు పోసుకునేదాన్ని" అనింది.

బోర్డు పెట్టెలోకి పోయింది. మూత పడింది. జనరేటరు ఎత్తుకునింది, షెడ్డు గుంజలు అదిరినాయి, పెట్టె మీద పచ్చ లైటు అదరకుండా వెలిగింది. గుంటల్లో ఒకదాని తర్వాత ఒకటిగా ఏరేటర్లు నీళ్లు చిమ్మడం మొదలుపెట్టినాయి. పనివాళ్లు ఈలలేసినారు.

పెంచలప్రసాద్ చేతులు నలుపుకుంటా వచ్చినాడు. "అక్కా, పొద్దున బజార్లో నోరు జారినా. అన్నను అనరాని మాటలన్నా."

"అన్నవన్నీ నాకు తగలాల్సినవే" అనింది ఆదిశేషమ్మ. "ఆ తప్పు నాదయ్యా."

పక్క గుంట రైతు ఒకాయనకు ఇంకా సందేహం తీరలేదు. "అయితే హజరత్తన్నా, రేపట్నించి బోర్డు తెస్తే ఎవరికియ్యాల? పనంతా అక్కే చేస్తే నువ్వేం చేస్తావు?"

హజరత్తయ్య అప్పటికే ఐరన్ వైరు చుట్టి సంచిలో పెడతా ఉన్నాడు. వణికే చేత్తో చుడతా ఉంటే వైరు చుట్టలు చుట్టలుగా ఊడిపోతా ఉంది. ఆ చేతిని దాచుకోవాలని మాత్రం ఆయనకు తోచలేదు.

"బోర్డు ఆమెకియ్యండి" అన్నాడు. "బాగా చేస్తే ఆమెను మెచ్చుకోండి. చెడిపోతే మాత్రం వచ్చి నన్ను తిట్టండి. ఆమెను తిడితే ఊరుకోను."